సీసాకు కట్టిన అంచు

మా అమ్మ సారా కొట్టు మూయించిన మనిషి. ఆమె కూతుర్ని నేను, వైన్ సీసాలకు లేబుళ్లు గీశాను. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా ఇమిడాయని చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. ఇమడలేదు, చాలా రోజులు పోట్లాడుకున్నాయి.

మాది మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె. మా నాయన పట్టుచీరలు నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. నాయన మంచి పనివాడు. కానీ తాగిన మర్నాడు ఆయన నేసిన అంచు చూస్తే వీధిలో ఎవరికైనా సంగతి తెలిసిపోయేది. జరీ పువ్వు ఒక పక్కకు వాలి నిద్రపోతున్నట్టుండేది. తొంభైల మొదట్లో ఊరూరా ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు మా వీధిలో అమ్మ ముందు నిలబడింది. సారా ప్యాకెట్ల మూటను వీధి మధ్యకు ఈడ్చి, రాట్నం కదురుతో ఒక్కొక్కటే పొడిచిందని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. కదురూ కాదు, కత్తీ కాదు. జడకు పెట్టుకునే పిన్నుతో పొడిచింది, నేను పక్కనే ఉన్నాను. కొట్టు మూతపడింది. నాయన నెల రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఆ తర్వాత మాటా కలిసింది, అంచూ చక్కబడింది.

నాది మగ్గం పని కాదు, గ్రాఫు పని. పట్టుచీర అంచులో నెమలి రావాలంటే ముందు దాన్ని గళ్ల కాగితం మీద గడి గడిగా నింపాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ కాగితం చూసి ఇంకొకాయన అట్టలకు బెజ్జాలు కొడతాడు. ఆ అట్టలను మగ్గం నెత్తిన తగిలిస్తే, బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. నేను ఒక్క గడి తప్పు నింపితే ఆ తప్పు చీర పొడవునా జానెడుకొకసారి లేచి పలకరిస్తుంది. అందుకని గ్రాఫు గీసేవాళ్లకు ముక్కు మీద కోపం ఉంటుంది. నాకు కాస్త ఎక్కువే ఉంది.

ఈ పని నాకు నేర్పిన పెద్దాయన ఒకే ఒక్క విషయం మీద నన్ను తిట్టేవాడు. అంచుకు మొదలూ చివరా ఉండవు. మనం గీసేది జానెడు బొమ్మ, అదే ఆరు గజాలూ తిరిగి తిరిగి వస్తుంది. కాబట్టి చివరి గడి వెళ్లి మొదటి గడితో కలవాలి. "కలిసిన సోటు కనపడిందా, ఆ కాగితం సించేయమ్మా. నాకు కూడా సూపించొద్దు," అనేవాడు. నేను మూడు నెలలు చించాను. ఆ తర్వాత నా అతుకు ఆయన కంటికి కూడా దొరకలేదు. ఆయన మెచ్చుకోలేదు. తన పెన్సిలు చెక్కుకునే బ్లేడు నాకు ఇచ్చేశాడు, అంతే.

రెండు వేల సంవత్సరం దాటాక మా వీధిలోకి కంప్యూటర్లు వచ్చాయి. నేను వారం కూర్చుని నింపే కొంగును బెంగళూరులో ఎవరో ఒక పూటలో గీసి డిస్కులో పంపుతున్నారు. మగ్గాల యజమానులు మొహం చాటేయడం మొదలుపెట్టారు. మా ఆయన బస్సు కండక్టరు, నెమ్మదైన మనిషి. మా బావగారికి టొమాటో మార్కెట్లో మండీ ఉంది. ఒకరోజు ఇంటికొచ్చి కాఫీ తాగుతూ తేల్చేశాడు.

"గళ్లు నింపే కాలం అయిపోయిందిలేమ్మా. ఉగాది నించి మండీకి వచ్చి కూర్సో. వచ్చే లారీ నంబరు, పొయ్యే లారీ నంబరు రాసుకుంటే సాలు."

నీడపట్టున చేసే మంచి పనే. ఎవరికైనా సంతోషమే. నాకు మాత్రం కాలేదు. పదేళ్ల వయసు నుంచి నా చేతిలో ఉన్న పెన్సిలు ఇకనుంచి లారీ నంబర్లు రాస్తుంది. ఉగాది లోపల నాకు ఇంకో గీత పని దొరికితే రానని, దొరక్కపోతే నోరెత్తకుండా వస్తానని చెప్పాను. ఆయన నవ్వి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి వెళ్లాడు. ఉగాదికి ఇంకా రెండు నెలలుంది.

అప్పుడే కుప్పం నుంచి ఒకాయన కూతురి పెళ్లి చీరలకని నేను గ్రాఫులు గీసిచ్చే మగ్గాల యజమాని ఇంటికి వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో నాలుగు పెన్నులు, చెప్పుల నిండా ఎర్రమట్టి. చీరలు చూస్తూ చూస్తూ ఒక అంచు దగ్గర ఆగిపోయాడు. అది నా తీగ.

"ఇది ఎవురు గీసినారప్పా?" అని యజమానిని అడిగాడు. ఆయన అక్కడే ఉన్న నన్ను చూపించాడు.

"ద్రాక్ష తీగ గీస్తావామ్మా?"

"చీరకా?"

"కాదు, సీసాకు."

సంగతి చెప్పుకొచ్చాడు. కుప్పం దగ్గర ఆయనకు ద్రాక్ష తోట ఉంది. సరిహద్దు అవతల, కర్ణాటకలో, బెంగళూరు మనిషితో కలిసి చిన్న వైన్ ఫ్యాక్టరీ పెట్టారు. లేబులు కోసం బెంగళూరు ఆఫీసుకిస్తే వాళ్లు ఒక రాతికోట, దాని ముందు రెండు గుర్రాలు వేసిచ్చారు. "మా తోటలో కోటా లేదు, గుర్రమూ లేదమ్మా. ఉండేది ఒక బోరు, రెండు కుక్కలు," అన్నాడు.

నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. సారా బుడ్డీలకు గీయనని మొహం మీదే చెప్పేశాను. "సారా కాదమ్మా, ద్రాక్ష రసం పులియబెట్టేది," అన్నాడు. పులిసినాక ఏదైనా ఒకటే అన్నాను. ఆయన కోపగించుకోలేదు. అరుగు మీద ఖాళీ సీసా ఒకటి పెట్టి, "వచ్చే నెలలో కోట లేబులు ఖాయం సేసేస్తారు. ఆ లోపల మనసు మారితే రా," అని చీరలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సీసాను సంచిలో దాచి ఇంటికి తెచ్చుకున్నాను. నాయన పోయాక మా దగ్గరే ఉంటున్న అమ్మ ఆ సాయంత్రమే సంచి విప్పింది.

"ఏమ్మే, ఇది యాల వచ్చింది మన ఇంటికి?"

చెప్పాను. మండీ సంగతి ఆమెకు ముందే తెలుసు.

"ప్యాకెట్లు పొడిసిన సేత్తో పెంచినా నిన్ను. నువ్వు పోయి బుడ్డీలకు బొట్టు పెడతావా?"

"నేను పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు."

"పెట్టనీ. వానికీ ఒక అమ్మ ఉంటాది, ఆమె సూసుకుంటాది వాన్ని."

ఆ మాట న్యాయమే. ఇప్పటికీ న్యాయమే. కానీ నిజం దాచను, నాకు పెన్సిలు కావాలి. ఆ సీసాను చూసిన క్షణం నుంచి నా వేళ్లు ఊరుకోవడం లేదు. రెండు రోజులు ఇంట్లో నేనూ అమ్మా పళ్లేల చప్పుడుతోనే మాట్లాడుకున్నాం. మూడో రోజు ఆమే వచ్చి నా పక్కన కూర్చుంది.

"తాగితే ఒల్లు సెడతాదని రాస్తారు కదా వాటి మింద, యాడ రాస్తారు?"

వెనకాల, మూలన, చీమ తలకాయంత అక్షరాల్లో రాస్తారని చెప్పాను.

"నువ్వట్ల రాయొద్దు. వాళ్ల పేరు ఎన్నితూర్లు రాస్తావో అదీ అన్నితూర్లు రాయి. కండ్లు కనపడని ముసలోడు కూడా సదవాల. అట్లయితే గీసుకో. నేను మాత్రం ఆ బుడ్డీని ముట్టను, సూడను."

ఆ షరతుతో కుప్పం ఆయనకు కబురు పంపాను. సరేనన్నాడు.

ఇక పని. జరీ పోగు ఒకటి తీసి సీసా నడుము చుట్టూ చుట్టి, కత్తిరించి, గళ్ల కాగితం మీద పరిచాను. ఆ పొడవును మూడు భాగాలు చేశాను. ఒక్కో భాగంలో ఒక ద్రాక్ష గుత్తి, దాని కింద వైన్ పేరు, పేరు కింద అంత లావునా హెచ్చరిక. గుత్తికీ గుత్తికీ నడుమ తీగ. మా గళ్లలో వంపు అనేది ఉండదు, మెట్లు మెట్లుగా వస్తుంది. అందుకని నా ద్రాక్షపండ్లు గుండ్రంగా కాక, పట్టుచీరలో బుటాల్లాగా మెట్లంచుతో వచ్చాయి. రంగులు రెండే, మామిడి లేత చిగురు ఎరుపు, జరీ పసుపు. చివరి గడి వెళ్లి మొదటి గడితో కలిసింది. గీయడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నేను ఎవరితోనూ పోట్లాడలేదని మా ఆయన అంటాడు.

అచ్చు వేయించడానికి పుంగనూరు వెళ్లాను. అక్కడ పెళ్లి పత్రికలు వేసే చిన్న ప్రెస్సు ఒకటి మా ఆయనకు తెలుసు. ప్రెస్సు ఆయన కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని అన్ని గదుల్లోనూ కళ్లద్దాలు వెతికే రకం. నా కాగితం బల్ల మీద పరిచి, తలొక పక్కకు వాల్చి చాలాసేపు చూశాడు.

"ఇదేందమ్మా? లేబులంటే ముందొకటి, ఎనక చిన్నదొకటి. నువ్వు ఒడ్డాణం గీసుకొచ్చినావే."

నిజం చెబుతున్నాను, అప్పటిదాకా నాకు ఆ సంగతి తట్టనే లేదు. సీసాకు ముందూ వెనకా ఉంటాయని, ముందు వైపు అరచేతంత ముక్క అతికిస్తే సరిపోతుందని లోకంలో అందరికీ తెలుసు. ఆరు గజాల అంచులు గీసి గీసి నాకు మాత్రం తెలియలేదు. సీసా కనబడగానే చుట్టూ తిప్పేశాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కానీ తప్పు ఒప్పుకోవడం నా వల్ల కాదు.

"గుండ్రటి సీసాకు ముందేంది, ఎనకేంది?" అన్నాను గట్టిగా.

ఆయన నా మొహం చూసి, అచ్చు ప్లేట్లు చేయించాడు. రెండు రంగులు కాబట్టి కాగితం రెండుసార్లు మిషన్‌లోకి పోయింది. తడి ఆరాక ఒకటి కత్తిరించి, జిగురు రాసి, కుప్పం నుంచి తెప్పించిన సీసాల్లో ఒకదానికి చుట్టాం. రెండు కొసలూ కలిసీ కలవక, నడుమ గోరంత సందులో ఆకుపచ్చ గాజు కనబడుతోంది. ఇంకో సీసా తీసుకున్నాం, దానికి సందు ఇంకొంచెం ఎక్కువ. సీసాలన్నీ ఒకే లావు ఉండవని అప్పుడు తెలిసింది. నా జరీ పోగు ఒక్క సీసానే కొలిచింది.

"కొసకు కొంచెం తెల్ల కాగితం తోక మాదిరి వదలమ్మా. జిగురు దాని మింద పడతాది," అన్నాడు ప్రెస్సు ఆయన. అలా చేస్తే ఆకుపచ్చ సందు పోయి తెల్ల సందు వచ్చింది. తీగ తెగిపోయి కనబడుతోంది. కలిసిన చోటు కనబడిందా, చించేయ్. నేను చించేశాను. ఆయన వారించబోయి, నా మొహం చూసి పక్క గదిలోకి కళ్లద్దాలు వెతుక్కోవడానికి వెళ్లాడు. అవి నుదుటి మీదే ఉన్నాయి.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. మండీలో నా కుర్చీ ఎక్కడ వేస్తారో, లారీ నంబర్లు ఏ పుస్తకంలో రాయాలో అంతా కళ్ల ముందు కనబడింది. ఎదుటి సీట్లో ఒకామె కట్టుకున్న చీర అంచు మాత్రం అదేమీ పట్టనట్టు, జానెడుకొకసారి అవే హంసలను తిప్పుతూ కిందికి నడిచిపోతోంది. ఆ హంసలు నావి కావు, ఎవరివో. కానీ వాటిని చూస్తూ చూస్తూ కళ్లు తుడుచుకున్నాను. అంచుకు చివర లేదు కదా. మరి నేను చివర ఎందుకు ఆపాను? ఆపకుండా ఇంకో నాలుగు వేళ్లు నడిపిస్తే, చివర మళ్లీ మొదటి గుత్తే వస్తుంది. గుత్తి మీద గుత్తి కూర్చుంటుంది. సీసా కాస్త లావైనా, సన్నమైనా, కింద ఉండేదీ అదే గుత్తి, పైన ఉండేదీ అదే గుత్తి.

మదనపల్లె బస్టాండులో దిగకుండానే అదే బస్సులో వెనక్కి పోదామనుకున్నాను. మా ఆయన కోప్పడతాడని ఆగి, ఆ రాత్రే చివర మొదటి గుత్తిని మళ్లీ గీసి, మర్నాడు వెళ్లి అచ్చు వేయించాను.

కుప్పంలో ఖాయం చేసే రోజు వచ్చింది. తోట పక్కన రేకుల షెడ్డు. కుప్పం ఆయన, బెంగళూరు భాగస్వామి, లేబుళ్లు అతికించడానికి చుట్టుపక్కల పల్లెల నుంచి కుదుర్చుకున్న ఐదుగురు ఆడవాళ్లు. వాళ్లు అంతకుముందు పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసేవాళ్లు. బల్ల మీద ఒక పక్క కోట లేబుళ్లు, ఇంకో పక్క నావి.

బెంగళూరు ఆయన నాది చేతిలోకి తీసుకుని, పొడవునా విప్పి, నవ్వాడు. "దీనికి ఫ్రంట్ ఏదమ్మా? పేరు మూడుసార్లు ఎందుకు? ఇది లేబులు కాదు, సీసాకు చీర కట్టినట్టుంది," అన్నాడు. హెచ్చరిక కూడా అంత లావునా మూడుసార్లు ఉండటం చూసి, కుప్పం ఆయన వైపు తిరిగి, "అమ్ముదామనుకుంటున్నామా, మాన్పిద్దామనుకుంటున్నామా?" అని అడిగాడు.

నాకు ఒళ్లు మండింది. నోరు తెరిచేలోపల కుప్పం ఆయన అడ్డొచ్చాడు. "కాగితం మింద సూస్తే ఏం తెలుస్తాదప్పా? అతికించి సూద్దాం," అన్నాడు.

ఒక్కో లేబులుకు ఇరవై సీసాలు. ఆడవాళ్లు కింద కూర్చుని జిగురు గిన్నెలు ముందు పెట్టుకున్నారు. కోట లేబులు మొదటి రెండూ బాగానే వచ్చాయి. తర్వాత చేతులు వేగం పెరిగేసరికి కోటలు ఒరగడం మొదలుపెట్టాయి. కొన్ని కుడికి, కొన్ని ఎడమకు. నున్నటి గుండ్రటి గాజు మీద ఏది నేరో, ఏది వంకరో చేతికి ఎలా తెలుస్తుంది? ఒక గుర్రమైతే కొండెక్కుతున్నట్టే ఉంది. ఒరిగినవాటిని పీకి మళ్లీ అతికించబోతే కాగితం చిరిగింది.

తర్వాత నావి. మొదటి సీసాకు చుట్టి, చివరి కొసను తెచ్చి మొదటి గుత్తి మీద పెట్టిన ఆమె తల ఎత్తింది.

"అక్కా, గుత్తి మింద గుత్తి కూర్సుందంటే నేరుగా వచ్చినట్టే. కూర్సోలేదంటే వంకర. అంతే కదా?"

అంతే. ఆ సంగతి నాక్కూడా అప్పటిదాకా తెలియదు. అతుకు కనబడకూడదని చేసిన పని, వాళ్ల చేతికి కొలబద్ద అయి కూర్చుంది. ఇరవై సీసాల్లో ఒక్కటీ వంకర రాలేదు. కోట సీసాలు సగం కావడానికి పట్టిన సమయంలోనే నావి అన్నీ అయిపోయాయి.

కుప్పం ఆయన ట్రాక్టరు డ్రైవరును పిలిచి, సీసాలన్నీ గోడ పక్కనున్న చెక్క పలక మీద సర్దమన్నాడు. అతనికి ఫ్రంటూ తెలియదు, బ్యాకూ తెలియదు. రెండు చేతులతో నాలుగేసి సీసాలు పట్టుకుని టకటకా నిలబెట్టేశాడు. దుకాణాల్లో నిలబెట్టేదీ అలాగే. కోట సీసాల్లో సగానికి పైగా మనకు వీపు చూపించాయి. నావి ఎటు తిప్పి పెట్టినా మొహమే. పక్క సీసా గుత్తీ ఈ సీసా గుత్తీ వరసలో నిలబడి, ఇరవై సీసాలూ కలిసి ఒకే అంచయిపోయాయి. పలక ఈ కొస నుంచి ఆ కొసకు ఎరుపూ జరీ పసుపూ నడిచిపోతున్నాయి.

బెంగళూరు ఆయన పది అడుగులు వెనక్కి వెళ్లి చూశాడు. మళ్లీ దగ్గరకొచ్చి, ఒక సీసా తీసి, చేతిలో చుట్టూ తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. కింద పెట్టేశాడు.

"ఇదే వేద్దాం," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నవ్వినందుకు ఏమీ అనుకోవద్దమ్మా," అన్నాడు. ఆ మాట అననక్కర్లేదు, అన్నాడు. మంచి మనిషే.

గెలిచాను. అంతకంటే వేరే మాట లేదు, వెతుక్కోను కూడా. కుప్పం నుంచి వికోట, పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లె చేరేదాకా బస్సులో నిలబడే ఉన్నాను. సీట్లు ఖాళీగానే ఉన్నాయి, కూర్చోబుద్ధి కాలేదు. ఉగాదికి ఇంకా తొమ్మిది రోజులుంది.

ఆ తర్వాత గీత పని తప్పలేదు. అదే ఫ్యాక్టరీకి ఇంకో రెండు లేబుళ్లు, పుంగనూరు ప్రెస్సు ఆయన తెచ్చిన మామిడి రసం డబ్బాలు, అగరుబత్తీల పెట్టెలు. కంప్యూటరు కూడా నేర్చుకున్నాను, గళ్లు నింపడానికి అదీ బాగానే పనికొచ్చింది. ఏడాది తిరక్కముందే మా బావగారు ఇంటికొచ్చి, కాఫీ తాగి, కాసేపు నసిగి, "మా టొమాటో పెట్టెలకు కూడా ఏదన్నా ఒక అంచు గియ్యమ్మా, మన పెట్టెలని దూరాన్నించే తెలియాల," అన్నాడు. గీశాను. ఆయన తాగిన గ్లాసు మాత్రం ఆయన చేతే లోపల పెట్టించాను.

మిగిలింది అమ్మ. ఫ్యాక్టరీ నుంచి లేబులు వేసిన ఖాళీ సీసా ఒకటి నాకు పంపారు. దాన్ని గూట్లో పెట్టాను. అమ్మ అన్న మాట ప్రకారం ముట్టలేదు, చూడలేదు. గూడు ఊడ్చేటప్పుడు కూడా మొహం పక్కకు తిప్పుకుని ఊడ్చేది. వారమో పది రోజులో అలాగే గడిచింది. ఒక మధ్యాహ్నం నేను వాకిట్లో బియ్యం ఏరుతుంటే సీసా పట్టుకుని వచ్చి, ఎండలో గడప మీద కూర్చుంది.

ముందు హెచ్చరిక చదివింది. నెమ్మదిగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని, మూడుచోట్లా చదివింది. మూడూ అయ్యాక తల ఊపింది. తర్వాత సీసాను కంటి దగ్గరికి తెచ్చుకుని తిప్పడం మొదలుపెట్టింది. నలభై ఏళ్లు మగ్గం పక్కన కూర్చున్న మనిషి, నాయన నేసిన ప్రతి అంచునూ మడత పెట్టకముందు తప్పులు వెతికిన మనిషి. ఆమె ఏం వెతుకుతోందో నాకు తెలుసు. నా చేతిలో బియ్యం ఆగిపోయాయి.

చాలాసేపు తిప్పింది. బొటనవేలి గోరుతో కాగితం మీద నిలువునా గీకుతూ వచ్చింది. ఒకచోట ఆగింది. అక్కడ వేలు పెట్టి, కళ్లు చిట్లించి, మళ్లీ చూసింది.

"గోటికి తగలతాండాది," అంది. "కంటికి దొరకలేదు."

సీసా లోపలికి తీసుకెళ్లి, కడిగి, ఆరబెట్టి, అందులో ధనియాలు పోసి పొయ్యి పక్కన పెట్టుకుంది.